శ్రీకాకుళంలో పనివాళ్లు మానేయకుండా నిలబెట్టుకోవడం ఎలా?

పలాస స్టేషన్‌లో బండి కోసం సంచులతో నిలబడిన కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు మా యూనిట్ హాజరు పట్టీ గుర్తుకొస్తుంది. అలా వెళ్లినవారిలో కొందరి పేర్లు అందులో రాసింది నేనే, కొట్టేసింది నేనే. ఈ ప్రాంతంలోని ఒక జీడిపప్పు యూనిట్‌లో పదహారేళ్లు లెక్కలు చూశాను. మన జిల్లాలో యజమానికి అసలు పోటీ ఆ రైలుతోనే. హైదరాబాద్, చెన్నై ఇచ్చే జీతం మీరు ఇవ్వలేకపోవచ్చు. కానీ పని దిగాక సొంత ఇంటికి చేరి పిల్లలతో అన్నం తినే అవకాశం మీ దగ్గరే ఉంది. పనిని ఆ అవకాశం చెడకుండా అమర్చుకుంటే మనిషి నిలబడతాడు. అదెలాగో నాకు తెలిసినంత చెబుతాను. జీడిపప్పు యూనిట్ నుంచి ఉదాహరణలు ఇస్తున్నా, నరసన్నపేటలో బట్టల దుకాణానికైనా, పైడిభీమవరంలో పరిశ్రమకైనా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

1. ఎవరు, ఏ నెలలో వెళ్తున్నారో ముందు రాయండి

ఒక నోటు పుస్తకం చాలు. గత రెండేళ్లలో మానేసిన ప్రతి ఒక్కరి గురించి నాలుగు విషయాలు రాయండి: ఏ పని చేసేవారు, ఎన్ని నెలలు ఉన్నారు, ఏ నెలలో మానేశారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు. కారణం మానేసిన రోజున అడగవద్దు. ఆ రోజు అందరూ "ఇంట్లో ఇబ్బంది" అనే చెబుతారు. నెల గడిచాక, మేస్త్రీ కాకుండా వేరే ఎవరైనా ఫోను చేసి అడగాలి.

రాసి చూస్తే తేడా తెలుస్తుంది. చేరిన మూడు నెలల్లోపే వెళ్లినవారికి మీరు చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని మరొకటి అయి ఉంటుంది. వరి నాట్ల రోజుల్లో కనిపించకుండా పోయినవారు మానేయలేదు, పొలానికి వెళ్లారు. సంక్రాంతి తర్వాత వెళ్లినవారు పండక్కి వచ్చిన బంధువుల వెంట బండెక్కినవారు. ముగ్గురికీ ఒకే మందు పనిచేయదు. అందరికీ కలిపి కొంత జీతం పెంచి, అయినా ఎందుకు వెళ్తున్నారని బాధపడే యజమానులను చూశాను.

2. జీతం తేదీని డ్వాక్రా వాయిదాకు ముందు పెట్టండి

తర్వాతి నెల 7వ తేదీలోగా జీతం ఇవ్వాలని చట్టం చెబుతోంది. అది కనీస నియమం. మీ దగ్గర పనిచేసే మహిళల్లో చాలామంది పొదుపు సంఘాల సభ్యులే. సంఘం వాయిదా ఏ తేదీన కట్టాలో అడిగి తెలుసుకోండి. జీతం రెండు రోజులు ఆలస్యమైతే ఆమె పదిమంది ముందు తలదించుకోవాలి, లేదా వడ్డీకి తెచ్చి కట్టాలి. మీకు రెండు రోజులే, ఆమెకు అది పరువు. సరుకు అమ్ముడు కాలేదనో, వ్యాపారి డబ్బు పంపలేదనో జీతం వాయిదా వేసే అలవాటు ఉంటే, మిగతా అడుగులన్నీ వదిలేసి ముందు ఇది సరిచేయండి.

3. కాటా పనిచేసినవారి కళ్ల ముందు ఉండాలి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనుషులు నోరు విప్పి చెప్పకుండా వెళ్లిపోయే కారణం ఇదే.

జీడిపిక్కలు కొట్టి పప్పు తీయడం, ఆ పప్పు మీది పొట్టు తీయడం చాలాచోట్ల కిలోకి ఇంత అన్న లెక్క మీద నడుస్తాయి. మా యూనిట్‌లో పొట్టు తీసే చోటొకటి, తూకం వేసే గది మరొకటి. బుట్టలు లోపలికి వెళ్లేవి, అంకె బయటికి వచ్చేది. పొట్టు తీయడంలో అందరికంటే చెయ్యి తిరిగిన ఒకామె చెప్పా పెట్టకుండా మానేసింది. పక్క యూనిట్ ఎక్కువ ఇస్తోందని మా యజమాని అనుకున్నారు. కొన్నాళ్లకు సంతలో కనిపించినప్పుడు అడిగితే, అక్కడా అదే రేటని చెప్పింది. "అక్కడ నా బుట్ట తూకం నేను చూస్తాను బాబూ" అంది. మా కాటాలో మోసం ఉందని ఆమె అనలేదు. ఉందో లేదో తెలియకపోవడమే ఆమెను తరిమింది. ఆ గదిలో లెక్క రాసింది నేనే కాబట్టి ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని ఇలా చేయండి. కాటాను పనిచేసే హాలులోకి తెండి. అంకె అందరికీ కనబడాలి. ఖాళీ బుట్ట బరువు ఎంత తీసేస్తున్నారో గోడ మీద రాయండి. ప్రతి ఒక్కరికీ చిన్న చీటీ పుస్తకం ఇచ్చి, ఆ రోజు తూకం అందులోనూ, మీ పుస్తకంలోనూ ఒకేసారి రాయండి. విరిగిన పప్పుకు కోత ఉంటే, గుండుకు (విరగని పప్పు) ఎంత, బద్దకు (రెండుగా చీలినది) ఎంత, ముక్కకు ఎంత అన్నది ముందే చెప్పండి. ఆ నెల పిక్క నాసిరకమైతే విరుగుడు దానివల్లా పెరుగుతుంది. ఆ నష్టం చేతుల మీద వేయడం అన్యాయం.

యజమాని లాభం కూడా ఇందులోనే ఉంది. డబ్ల్యూ-240 రకం అంటే పౌను బరువుకు (సుమారు 454 గ్రాములు) 220 నుంచి 240 గుండ్లు. చెయ్యి తిరిగిన మనిషి దాన్ని కంటితోనే వేరు చేస్తుంది. ఆమె స్థానంలో కొత్తవారు వస్తే, నేర్చుకునేదాకా గుండు కావలసిన పప్పు బద్దగా, ముక్కగా మారి తక్కువ ధరకు పోతుంది. మనిషి మానేయడం వల్ల వచ్చే ఈ నష్టాన్ని ఏ పద్దులోనూ రాయం కాబట్టి అది మనకు కనబడదు.

4. చేతులు, నీళ్లు, ఇంట్లో రోగి

పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగులు, రాసుకునే నూనె, సబ్బు మీరే ఇవ్వండి. వాటి ఖర్చు జీతంలో కోయవద్దు. మరుగుదొడ్డి శుభ్రంగా, గడియతో ఉండాలి. అది లేక మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా గడిపే మహిళలు ఎందరో.

ఉద్దానం చుట్టుపక్కల పనిచేయించేవారికి మరో మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక దూరం తగ్గింది గానీ రోగి వెంట మనిషి వెళ్లక తప్పదు. భర్తను తీసుకెళ్లే రోజున సగం పూట పని చేసే వీలు ఇవ్వండి. ఆ మూడు నాలుగు గంటలు మరో రోజు సర్దుకోవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు ఇచ్చిన యజమానిని ఆ కుటుంబం వదలదు. తాగునీరు మంచిది పెట్టించండి, వేసవిలో మధ్యాహ్నం విశ్రాంతి పెంచండి.

5. పీఎఫ్‌ను కోతగా కాకుండా ఆస్తిగా చూపించండి

20 మంది లేదా అంతకు మించి ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి), 10 మంది లేదా అంతకు మించి ఉంటే గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి మానేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం) వర్తిస్తాయి. పీఎఫ్‌లో ఉద్యోగి 12 శాతం కడితే యజమాని మరో 12 శాతం కడతారు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించే చోట నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం జమవుతుంది. చాలామందికి ఇవి జీతం చీటీలో మాయమయ్యే అంకెలుగానే తెలుసు. ఆరు నెలలకోసారి కూర్చోబెట్టి, వారి ఫోనులోనే పీఎఫ్ నిల్వ చూపించండి.

గ్రాట్యుటీ లెక్క కూడా చెప్పండి. నెలకు 13,000 జీతమైతే, నెలను 26 రోజులుగా తీసుకునే చట్టం లెక్కలో రోజుకు 500. ఏడాదికి 15 రోజుల చొప్పున 7,500. ఐదేళ్లు నిండితే 37,500. నాలుగో ఏట రైలెక్కాలనుకునేవారికి ఈ అంకె తెలిసి ఉండాలి.

6. సెలవులు ఊరి పంచాంగం చూసి ఇవ్వండి

సంక్రాంతి, గ్రామదేవత పండగ, విజయనగరం వైపు వారికి దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను. ఈ రోజుల్లో సెలవు లేదంటే పని మానేసైనా వెళ్తారు. ఏడాది మొదట్లోనే పట్టిక వేయండి. నాట్లు, కోతల రోజుల్లో వంతులవారీగా పంపితే యూనిట్ ఆగదు. తుపాను వచ్చినప్పుడు ఇంటి పైకప్పు చూసుకునే దాకా పనికి పిలవవద్దు, వీలైతే కొంత అడ్వాన్సు ఇవ్వండి. 2018 తిత్లీ తర్వాత ఎవరు అలా నిలబడ్డారో ఇక్కడివారు ఇంకా చెప్పుకుంటారు. అయితే అడ్వాన్సును మనిషిని కట్టిపడేసే తాడుగా వాడకూడదు. అప్పు తీరేదాకా వెళ్లకూడదనడం వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం నేరం. చదువు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడమూ ఇలాంటి తప్పే.

7. మేస్త్రీ మాట

యజమాని ఎంత మంచివారైనా పనివారికి రోజూ వినిపించేది మేస్త్రీ గొంతే. "అమ్మా", "అప్పా" (అక్కా) అని పిలిచే మేస్త్రీని పెట్టుకోండి. తిట్టే మేస్త్రీ ఎంత పని రాబట్టినా మార్చండి. మహిళలతో అసభ్యంగా ప్రవర్తిస్తే ఒక్కసారి కూడా ఉపేక్షించవద్దు. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉండాలి.

8. వెళ్తానన్నప్పుడు

వెళ్లేవారిని ఒకసారి అడగండి, బతిమాలకండి, బెదిరించకండి. హైదరాబాద్‌లో చెప్పిన జీతం నుంచి గది అద్దె, తిండి, రానుపోను ఖర్చు తీసేస్తే ఇంటికి ఎంత పంపగలరో వారితో కలిసి కాగితం మీద వేయండి. లెక్క అటే మొగ్గితే ఒప్పుకోండి. రావలసిన జీతం రెండు పనిదినాల్లో లెక్కకట్టి ఇవ్వండి. కొత్త వేతనాల కోడ్ కూడా అదే కోరుతోంది. పీఎఫ్ బదిలీ ఎలాగో చెప్పి, పనిచేసినట్టు కాగితం రాసివ్వండి.

వారి ఫోను నంబరు ఆ నోటు పుస్తకంలో ఉంచండి. సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు కనుమ మర్నాడు ఫోను చేసి, పని ఉంది, పాత రేటు కాదు, ఇప్పటి రేటే ఇస్తాం అని చెప్పండి. ఇంట్లో తల్లో, పిల్లలో ఆగమంటున్న వారం అది.