సుత్తి దెబ్బతో అచ్చయిన వెండి నాణేన్ని గుర్తించడం: అంచు, బరువు, ఆ తరువాతే అక్షరం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పొలాల్లో దుక్కి దున్నేటప్పుడో, పాత బావి పూడిక తీసేటప్పుడో, ఈమధ్య కాలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవారికో అప్పుడప్పుడు నల్లబడిన వెండి బిళ్ళ ఒకటి దొరుకుతుంది. దొరికిన వెంటనే దాని మీది అక్షరాలు చదవబోవడం, అవి కనబడకపోతే ఇంట్లోకి తీసుకువెళ్ళి తోమడం చాలామంది చేసే పని. ముందు అంచు చూసి, తరువాత తూచి, అక్షరాల జోలికి ఆఖరున పోవడమే సరైన వరుస అని నా అభిప్రాయం.

యంత్రాలు రాకముందు టంకశాలలో కింది అచ్చును దాగలిలో బిగించి, దాని మీద వెండి బిళ్ళను ఉంచి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. బిళ్ళ చుట్టూ కట్టు ఏదీ ఉండదు కనుక ఆ దెబ్బకు వెండి నాలుగు వైపులకూ జరిగి, అంచు ఒకచోట పలుచగా, ఒకచోట మందంగా, అక్కడక్కడ సన్నని చీలికలతో మిగులుతుంది. ముద్ర ఒక పక్కకు ఒరిగి ఉండడం, ఒక అంచున లోతుగా, ఎదుటి అంచున వెలవెలగా పడడం, బొమ్మను నిటారుగా పట్టుకుని తిప్పితే బొరుసు వంకరగా కనిపించడం చేతిపనికి సహజమైన గుర్తులే గాని లోపాలు కావు. అంచు చుట్టూ సన్నని అతుకు గీత గాని, ఆ గీతను ఆకురాయితో అరగదీసిన జాడ గాని, ముఖం మీద గాలిబుడగల గుంటలు గాని ఉంటే అది పోత పోసిన నకలు అని అనుమానించాలి. అంచు మీద వరుసగా, ఒకే ఎడంతో గాట్లు ఉంటే అది యంత్రం మీద అచ్చయినది. మద్రాసు టంకశాలలో 1807 నుంచి యంత్రాల మీద నాణేలు వేశారు, 1835 నుంచి కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఏలుబడి అంతటా ఒకే రకం రూపాయి చెలామణిలోకి వచ్చింది.

శుభ్రం చేయడం గురించి నా తప్పే చెబుతాను. మా నాయనమ్మ పెట్టెలో ఉన్న ఆర్కాటు రూపాయిని కుర్రతనంలో నేను కుంకుమ భరిణెను తోమినట్టు విభూతి పెట్టి మెరిసేదాకా రుద్దాను. మెరుపు వచ్చింది గాని, ఏలుబడి సంవత్సరం అంకె సగం అరిగిపోయింది, ముఖమంతా సన్నని గీతలు పడ్డాయి. తీరప్రాంతపు ఉప్పు నేలల్లో పడి ఉన్న వెండి మీద బూడిద రంగు గట్టి పొర కడుతుంది, వెండిలో రాగి కలిసి ఉంటే పచ్చని చిలుమూ చేరుతుంది. ఆ పొరలో కొంత భాగం ఒకప్పటి నాణెపు వెండే కాబట్టి, గీకితే మట్టితో పాటు అక్షరం కూడా పోతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు రోజులు నానబెట్టి, మెత్తని గుడ్డ మీద ఆరబెడితే చాలు. కంసాలి గీటురాయి మీద గీయబోతే ఆపండి. ఆయనను తక్కెడ మాత్రమే అడగండి.

వందో వంతు గ్రాము దాకా చూపే చిన్న తక్కెడలో తూచినప్పుడు 3.2 నుంచి 3.4 గ్రాముల మధ్య వచ్చి, బిళ్ళ గుండ్రంగా కాక పలకగా, మూలలు కత్తిరించినట్టు ఉంటే అది విద్ధాంక నాణెం కావచ్చు. మన దేశపు అత్యంత ప్రాచీన నాణేలు ఇవే. వెండి రేకును ముక్కలుగా కోసి, 32 గురివింద గింజల బరువుకు సరిపడేలా మూలలు తెగ్గొట్టి, ఒక ముఖం మీద సూర్యుడు, ఆరు చేతుల గుర్తు, కొండ వంటి అయిదు ముద్రలను విడివిడిగా కొట్టేవారు. వెనుక ముఖం ఖాళీగానో, ఒకటి రెండు చిన్న గుర్తులతోనో ఉంటుంది, అక్షరం మాత్రం ఎక్కడా ఉండదు. ఒక ముద్ర మీద ఇంకొకటి ఎక్కి ఉంటుంది కనుక దీపాన్ని పక్కనుంచి, తక్కువ ఎత్తులో పెట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ ఒక్కొక్క ముద్రనే కాగితం మీద గీసుకోవాలి.

సుమారు 2 గ్రాములే తూగి, ఒక వైపు రాజు తల, మరొక వైపు ఆరు వంపుల కొండ, నాలుగు వలయాలను కలిపే ఉజ్జయిని గుర్తు కనిపిస్తే అది శాతవాహనుల వెండి నాణెం, చాలా అరుదైనది. మొన్నటిదాకా ప్రకాశంలో ఉండి 2022లో బాపట్ల జిల్లాలో చేరిన చినగంజాంలో యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం దొరికింది కాబట్టి, ఇటువైపు ఆ నాణెం కనబడితే ఆశ్చర్యపోనక్కర లేదు. మూడున్నర గ్రాములకు పైబడి, తల ఎత్తుగా ఉబికి, చుట్టూ రోమను అక్షరాలుంటే అది రోమను దినారం. దక్షిణాదిన దొరికేవాటిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవే ఎక్కువ. 1786లో నెల్లూరు దగ్గర నాగలికి తగిలిన కుండలోనివి రోమను బంగారు నాణేలు. ఆ తరువాతి కాలానికి వస్తే విజయనగర రాజులు ప్రధానంగా బంగారం, రాగి నాణేలే వేశారు. కృష్ణదేవరాయల వెండి నాణెమంటూ ఎవరైనా అమ్మజూపితే తొందరపడకండి. రాముడు, హనుమంతుడు బొమ్మలతో 1616, 1717 అని కుంపిణీ పేరు వేసినవి కూడా కేవలం బొమ్మ బిళ్ళలే.

మన రెండు జిల్లాల్లో ఎక్కువగా ఎదురయ్యేది 11.3 నుంచి 11.6 గ్రాముల దాకా, అంటే దాదాపు పాతకాలపు తులం తూగే పారసీ అక్షరాల రూపాయి. నెల్లూరు సీమ 1801లో కుంపిణీ చేతికి వచ్చేదాకా ఆర్కాటు నవాబులదే కాబట్టి ఇక్కడ ఆర్కాటు రూపాయిలు బాగా తిరిగాయి. అచ్చు నాణెం కంటే పెద్దది కనుక అక్షరాలలో సగమే పడుతుంది. మొత్తం చదవాలని కూర్చోకుండా అంకెలు వెతకండి. పారసీలో 1 నిలువు గీత, 2 తల మీద కొక్కెం ఉన్న గీత, 7 ఇంగ్లీషు ‘వి’ అక్షరం, 8 దాన్ని బోర్లించినట్టు, సున్న ఒట్టి చుక్క. అంకెలను మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. రెండు నిలువు గీతలు, ఒక ‘వి’, ఒక కొక్కెం కనిపిస్తే అది హిజ్రీ 1172, అంటే 1758-59. పక్కన మన 7ను పోలిన పారసీ 6, అంటే ఏలుబడి ఆరవ సంవత్సరం, దానితో పాటు తామర పువ్వు ఉంటే అది మొగలు చక్రవర్తి రెండవ ఆలంగీరు పేరిట, ఆయన చనిపోయాక కూడా అదే తేదీతో కుంపిణీవారు మద్రాసులో వేయించిన ఆర్కాటు రూపాయి. నెలవంక ఉంటే ఫ్రెంచివారి పుదుచ్చేరిది కావచ్చు. వీటి మీద చిన్న చిన్న గుంటముద్రలు కనబడతాయి. అవి వెండిని పరీక్షించిన సరాఫుల, అంటే నాణేలు మార్చే వ్యాపారుల గుర్తులు. వాటిని చూసి విద్ధాంక నాణెమని పొరబడేవారు ఉన్నారు, కాని బరువు చూస్తే ఆ పొరపాటు జరగదు.

ఉదయగిరి కోట, చందవరం బౌద్ధ స్తూపం వంటి రక్షిత స్థలాలలో డిటెక్టర్ తిప్పకూడదు, తవ్వకూడదు. సొంత పొలంలో దొరికినా, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ మించిన నిధి గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే శిక్షే గాక, దొరికినవారికి రావలసిన వాటా కూడా పోతుంది. ఆ ఉత్తరంలో ఏ తేదీన, ఏ సర్వే నంబరులో, ఎంత లోతున, ఎన్ని దొరికాయో, చుట్టూ కుండపెంకులు ఉన్నాయో లేదో రాయండి. రెండు ముఖాలనూ, అంచునూ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి జతచేయండి. అప్పగించేదాకా ఒక్కొక్క నాణేన్ని విడి కాగితపు కవరులో ఉంచండి, ఎందుకంటే మెత్తని ప్లాస్టిక్ సంచులు కొన్నాళ్ళకు జిగురు వదిలి వెండిని పాడుచేస్తాయి.