ఒకే వనరుపై బతికే రెండు జాతుల మధ్య పోటీ ఉందో లేదో తేల్చే పద్ధతి

రెండు జాతుల పక్షులు ఒకే చెట్టుపై ఒకే రకం పురుగులను ఏరుకు తింటున్నంత మాత్రాన వాటి మధ్య పోటీ ఉందని రాసేయడం తొందరపాటు. ఒక జాతి ఉండటం వల్ల రెండో జాతి ఎదుగుదల, సంతానం, మనుగడలలో ఏదో ఒకటి తగ్గుతున్నదని చూపగలిగినప్పుడే దాన్ని పోటీ అనాలి. కాబట్టి ముందుగా పోటీ దేని కోసమో, తిండికా, గూటికా, వెలుతురుకా అన్నది స్పష్టంగా రాసుకుని, ఆ వనరుకు నిజంగా కొరత ఉందో లేదో కొలవాలి.

తరువాతి పని పరిశీలన. స్ప్రూస్ అనే సూదుల్లాంటి ఆకుల చెట్లపై ఐదు జాతుల వార్బ్లర్ పిట్టలను గమనించిన జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మెక్‌ఆర్థర్, ఎత్తును బట్టి, కొమ్మ మొదలా చివరా అన్నదాన్ని బట్టి చెట్టును భాగాలుగా విడదీసి, ఏ పిట్ట ఏ భాగంలో ఎన్ని సెకన్లు గడిపిందో లెక్కగట్టి 1958లో ప్రచురించారు. ఒక్కో జాతి ఎక్కువ సేపు గడిపే చోటు వేరని అలా తేలింది. నోటు పుస్తకంలో ‘ఒకే చెట్టు’ అని రాసుకుని ఊరుకుంటే ఈ సంగతి బయటపడేది కాదు. అయితే ఆ పంపకానికి కారణం పోటీయేనని ఇంత మాత్రాన చెప్పలేము.

అది తేలాలంటే ఒక జాతిని తొలగించి చూడాలి. స్కాట్లాండ్ తీరంలో జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ చేసిన పని (1961) ఇందుకు చక్కని నమూనా. అక్కడ రాళ్లకు అతుక్కుని బతికే, గట్టి పెంకు గల చిన్న సముద్ర జీవులైన బార్నకిల్స్‌లో థామలస్ అనే జాతి తీరం పైభాగంలోనూ, బలానస్ అనే జాతి కింది భాగంలోనూ కనిపించేవి. ఆయన ఒక్కో రాతిపై సగం మేర బలానస్‌ను గీకేసి, మిగతా సగాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. గీకిన వైపు థామలస్ కిందివరకూ బతికింది. వదిలేసిన వైపు వేగంగా పెరిగే బలానస్ దానిపైకి పాకి కప్పేసింది, లేదా అడుగు నుంచి పెకలించింది. ముట్టుకోని ఆ సగమే లేకపోతే, మార్పుకు కారణం తొలగింపో, ఆ ఏటి వాతావరణమో చెప్పడం సాధ్యం కాదు.

తొలగింపు వల్ల తేలిన ఫలితాన్ని రెండో జాతికీ అంటగట్టకూడదు. బలానస్ పైభాగంలో నిలవకపోవడానికి కారణం థామలస్ కాదు. ఆటు సమయంలో నీరు తగ్గినప్పుడు అది ఎండిపోవడమే.