ఐర్లాండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్థిక స్థితిని దాని మైదానం కాగితాల నుంచి తెలుసుకోవడం ఎలా

1987 ఏప్రిల్‌లో డబ్లిన్ శివారు మిల్‌టౌన్‌లోని గ్లెన్‌మలూర్ పార్క్‌లో షామ్రాక్ రోవర్స్ చివరి మ్యాచ్ ఆడింది. వరుసగా నాలుగోసారి లీగ్ గెలిచిన సంవత్సరమే ఆ జట్టు ఇల్లు కోల్పోయింది. క్లబ్బును నడుపుతున్న కుటుంబం మైదానాన్ని అమ్మకానికి పెట్టగా, అభిమానులు ఉద్యమించి, డబ్లిన్‌లోని మరో మైదానమైన టోల్కా పార్క్‌కు తరలించిన మ్యాచ్‌లను బహిష్కరించినా ఫలితం లేకపోయింది. ఆ నేల మీద ఇళ్లు లేచాయి. 2009లో టాలా స్టేడియంలో అడుగుపెట్టేదాకా, అంటే 22 ఏళ్ల పాటు, రోవర్స్ ఇతరుల మైదానాల్లో తలదాచుకుంది. ఐర్లాండ్‌లో ఏదైనా క్లబ్బులో సభ్యత్వం తీసుకోదలచినవారు, పెట్టుబడి పెట్టదలచినవారు, లేదా తాము ప్రేమించే జట్టు గురించి ఆందోళన పడుతున్నవారు తమ పరిశీలనను మైదానం నుంచే మొదలుపెట్టాలని నేను చెప్పడానికి కారణం ఈ చరిత్రే. జట్టు ఆడే నేలను అమ్మడానికి లేదా తాకట్టు పెట్టడానికి ఎవరి సంతకం సరిపోతుందో తెలిస్తే మిగతా లెక్కలన్నీ అర్థం కావడం మొదలవుతుంది.

మొదటి పని, క్లబ్బు పేరు వెనుక ఉన్న చట్టబద్ధమైన సంస్థను గుర్తించడం. చొక్కా మీద కనిపించే పేరు ఒకటి, ఆటగాళ్లకు జీతాలిచ్చే కంపెనీ పేరు మరొకటి, మైదానం లీజు పుచ్చుకున్న సంస్థ పేరు ఇంకొకటి కావచ్చు. డబ్లిన్‌లోని కంపెనీల నమోదు కార్యాలయం రికార్డులలో పేరు వెతికితే ఆ కంపెనీ డైరెక్టర్లు, వార్షిక పత్రాలు, ఆస్తుల మీద రుణదాతలు నమోదు చేసిన తాకట్టులు కొద్దిపాటి రుసుముతో చూడవచ్చు. ఒక జాగ్రత్త అవసరం: డెర్రీ సిటీ క్లబ్బు 1985లో ఐర్లాండ్ లీగ్‌లో చేరినా, ఆ నగరం ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది కనుక దాని కంపెనీ పత్రాలు, భూమి పత్రాలు బ్రిటిష్ వ్యవస్థలో వెతుక్కోవాలి.

రెండవ పని భూమి పత్రం తెప్పించుకోవడం. ఐర్లాండ్‌లో భూమి రిజిస్ట్రీ 2023 నుంచి తాల్చ ఏరన్ అనే ప్రభుత్వ సంస్థలో భాగంగా ఉంది. అక్కడ ప్రతి నమోదిత స్థలానికి ఫోలియో అనే పత్రం ఉంటుంది, దానిలో మూడు భాగాలు ఉంటాయి: మొదటిది స్థలం వివరం, రెండవది యజమాని పేరు, మూడవది ఆ స్థలం మీద ఉన్న బాధ్యతలు. చాలామంది రెండవ భాగం చూసి ఆగిపోతారు. నా అభిప్రాయంలో మూడవ భాగమే అసలైనది, ఎందుకంటే తాకట్టులు, లీజులు, దారి హక్కులు నమోదై ఉంటే కనిపించేది అక్కడే. అంతేకాక, పత్రంతో వచ్చే పటాన్ని మైదానం చుట్టుకొలతతో పోల్చి చూడాలి. ఒక స్టాండు కిందనో, గోల్ వెనుకనో ఉన్న నేల వేరే ఫోలియోలో, వేరే పేరున ఉండవచ్చు.

ఈ జాగ్రత్త ఎందుకో డబ్లిన్‌లోని డాలీమౌంట్ పార్క్ కథ చెబుతుంది. 1901 నుంచి అక్కడ ఆడుతున్న బొహీమియన్స్ సభ్యుల యాజమాన్యంలోని క్లబ్బు. ఒకప్పుడు నేల కూడా వారిదే. ఆ క్లబ్బు మైదానంలోని ఒక భాగాన్ని అమ్మేందుకు ముందు ఒక సంస్థతో ఒప్పందం చేసుకుని, తరువాత 2006లో మొత్తం స్థలాన్ని సుమారు 6.5 కోట్ల యూరోల విలువైన ఒప్పందంలో మరొక నిర్మాణ సంస్థకు ఇవ్వడానికి సిద్ధపడింది. మొదటి ఒప్పందం చెల్లుతుందని 2008లో హైకోర్టు తీర్పు చెప్పింది, దేశంలో భూమి ధరలు కూడా కూలిపోయాయి, పెద్ద ఒప్పందం అందని పండైంది. అదే కాలంలో జట్టు 2008, 2009లలో లీగ్ గెలిచింది. రాబోయే డబ్బును నమ్ముకుని చేసిన అప్పులు మాత్రం నిలిచిపోయాయి. చివరకు 2015లో డబ్లిన్ నగర పాలక మండలి డాలీమౌంట్‌ను 38 లక్షల యూరోలకు కొన్నది. సభ్యుల చేతిలో ఉన్న సొంత నేల కూడా ఆశకు లోబడి చేజారుతుందని ఈ ఉదంతం నాకు నేర్పింది. అందుకే యజమాని పేరుతో పాటు, అమ్మకానికి సభ్యుల్లో ఎంత శాతం ఆమోదం కావాలో క్లబ్బు నియమావళిలో చూడమని అంటాను.

నేల క్లబ్బుది కాకపోతే వెంటనే భయపడనవసరం లేదు, కానీ ఎవరిదో చూడాలి. టాలా స్టేడియం సౌత్ డబ్లిన్ కౌంటీ పాలక మండలిది. కార్క్ సిటీ ఆడే టర్నర్స్ క్రాస్ మన్‌స్టర్ ఫుట్‌బాల్ సంఘానిది. స్లైగో రోవర్స్ ఆడే షోగ్రౌండ్స్ ట్రస్టు ఆధీనంలో ఉంది. ఇటువంటి చోట్ల క్లబ్బు దివాలా తీసినా రుణదాత మైదానాన్ని పట్టుకుపోలేడు. 2010లో కార్క్ సిటీని నడిపే కంపెనీ మూతపడినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది: ఫోరాస్ అనే అభిమానుల ట్రస్టు ఒక జట్టును కూర్చుకుని అదే మైదానంలో, లీగ్ రెండవ అంచె అయిన ఫస్ట్ డివిజన్‌లో దిగింది, 2017లో ఆ జట్టే లీగ్, కప్ రెండూ గెలిచింది. దీనికి మరో వైపు కూడా ఉంది. అద్దెకున్న క్లబ్బుకు తాకట్టు పెట్టడానికి ఆస్తి ఉండదు, మ్యాచ్ రోజు బార్, పార్కింగ్, ప్రకటనల ఆదాయంలో కొంత యజమానికి పోవచ్చు. కనుక లీజు ఎన్నేళ్లు, ఆ ఆదాయాలు ఎవరివి, మరమ్మతుల ఖర్చు ఎవరిది, గడువుకు ముందే ఖాళీ చేయించే షరతు ఉందా అన్న నాలుగు ప్రశ్నలు క్లబ్బు వార్షిక సమావేశంలో రాతపూర్వకంగా అడగాలి.

యజమాని ప్రైవేటు వ్యక్తి అయినప్పుడు స్థానిక పాలక మండలి అభివృద్ధి ప్రణాళికలో ఆ స్థలాన్ని దేనికి కేటాయించారో కూడా చూడండి. క్రీడలకు, బహిరంగ స్థలానికి కేటాయించిన నేలకు ఇళ్ల స్థలం ధర పలకదు. ఆ కేటాయింపు మార్చే ప్రతిపాదన వస్తే అభ్యంతరం తెలిపే హక్కు ప్రజలకు ఉంది. నేల పాలక మండలిదే అయినా ఈ మెలకువ అవసరమని టోల్కా పార్క్ నిరూపించింది. దానిని ఇళ్ల కోసం అమ్మాలన్న ఆలోచనను అక్కడ ఆడే షెల్బోర్న్ క్లబ్బు అభిమానులు ప్రచారోద్యమంతో అడ్డుకున్నారు.

ఇక లెక్కల విషయం. చిన్న కంపెనీలు సంక్షిప్త పత్రాలే దాఖలు చేయవచ్చు కనుక ఆదాయ వ్యయాల పూర్తి చిత్రం దొరకదు, అయినా ఆస్తి అప్పుల పట్టికలో మూడు చోట్ల చూపు నిలపాలి. ఏడాదిలోగా తీర్చవలసిన అప్పు చేతిలో ఉన్న నగదు కంటే ఎంత ఎక్కువ. ఆ అప్పులో పన్నుల శాఖకు చెందినది ఎంత. డైరెక్టర్లు లేదా యజమాని ఇచ్చిన అప్పు మీద క్లబ్బు ఎంతగా ఆధారపడి ఉంది. మూడవదే అన్నిటికంటే మోసపూరితమైనది. ధనవంతుడైన యజమాని ప్రతి ఏడూ లోటు పూడుస్తున్నంత కాలం అంతా బాగానే కనిపిస్తుంది, ఆయన మనసు మారిన మరుసటి నెలే జీతాలు ఆగిపోతాయి. కార్క్ సిటీ వెనుక ఉన్న అర్కాగా అనే పెట్టుబడి నిధి 2008లో తప్పుకోగానే ఆ క్లబ్బు రుణదాతల నుంచి కోర్టు రక్షణ కోరవలసి వచ్చింది. 2007లో లీగ్ గెలిచిన డ్రోహెడా యునైటెడ్ మరుసటి ఏడే అదే తలుపు తట్టి, 10 పాయింట్లు కోల్పోయింది.

జీతాల భారాన్ని విడిగా అంచనా వేయడం మంచిది. జాతీయ ఫుట్‌బాల్ సంఘం, లీగ్‌లో ఆడేందుకు ఇచ్చే లైసెన్సు నిబంధనలలో భాగంగా ఆదాయంలో 65 శాతం మించి ఆటగాళ్ల జీతాలు ఉండరాదన్న పరిమితి తెచ్చింది. 2009లో ఆటగాళ్లతో చేసుకున్న అదనపు ఒప్పందాలు బయటపడి డెర్రీ సిటీ లీగ్ నుంచే బహిష్కృతమైంది. యూరప్ పోటీల బహుమతి సొమ్మును స్థిర ఆదాయంగా చూపే బడ్జెట్‌ను నమ్మవద్దు. డండాక్ క్లబ్బు 2016లో యూరోపా లీగ్ గ్రూపు దశకు చేరింది, 2024లో ఉనికికే ముప్పు వచ్చి కింది డివిజన్‌కు పడిపోయింది.

చివరగా, కోర్టు వార్తలు వచ్చినప్పుడు పదాల తేడా గుర్తుంచుకోండి. ఎగ్జామినర్‌షిప్ అంటే కంపెనీ బతికే అవకాశం ఉందని కోర్టు నమ్మి, సాధారణంగా 100 రోజుల వరకు రుణదాతల నుంచి రక్షణ ఇవ్వడం. ఆ వ్యవధిలో అప్పులు కొంత తగ్గించి కొత్త పెట్టుబడిదారుని వెతుకుతారు. 2005లో ఈ దారిలోనే షామ్రాక్ రోవర్స్ తన అభిమానుల చేతికి వచ్చింది. పన్నుల శాఖ వేసే మూసివేత పిటిషన్ దీనికి పూర్తిగా భిన్నం, అది కంపెనీనే మూసివేయమని కోర్టును కోరడం. మొదటి వార్త వచ్చిన రోజునే అభిమానులు ట్రస్టును నమోదు చేసి, బ్యాంకు ఖాతా తెరిచి, మైదానం యజమానిని కలిసి, కంపెనీ పోయినా కొత్త జట్టుకు ఆడే అవకాశం ఇస్తామన్న హామీని కాగితం మీద తీసుకోవాలి. ఆ ఉత్తరం చేతిలో ఉంటే వచ్చే సీజన్‌కు లైసెన్సు దరఖాస్తు చేసుకునేటప్పుడు మైదానం ఏదన్న గడి ఖాళీగా మిగలదు.