ఆవిరి బండి వీడియో పాఠాలు – 4: కెమెరా కొనే ముందు స్కేలు, కుక్కరు

ఈసారి షంటింగ్ దృశ్యం ఎలా తీయాలో చెబుతానన్నాను. అది వాయిదా. బల్ల మీది బొమ్మ రైలును ఇంట్లో వీడియో తీయడం గురించి పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం మీ ఇళ్లలో ఎంత పని చేసిందో ముందు అది చూడాలి.

"గదిలో వెలుతురు చాలకపోతే లెన్సు పూర్తిగా తెరవండి, ఎఫ్ నంబరు ఎంత తగ్గితే అంత తగ్గించండి" అని రాశాను. ఎఫ్ నంబరంటే లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది. మీరు శ్రద్ధగా పాటించారు. నాకొచ్చిన క్లిప్పులన్నీ ఒకటే తీరు. ఇంజను ముఖం మీద మేకులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. పొగగొట్టం దాటేసరికి మెత్తబడింది. డ్రైవరు గది మసక. వెనక పెట్టెలు ఏ రంగువో మీరు చెబితే తప్ప తెలియదు. ఒకాయన ఆరు నెలలు కూర్చుని అట్టతో, రంపపు పొట్టుతో కట్టిన స్టేషను పచ్చటి మరకలా వచ్చింది. క్లిప్పు కింద దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: "నా కెమెరా చాలదేమో, ఫుల్ ఫ్రేమ్ కొనమంటారా?"

వద్దు. మీ కెమెరాలో తప్పు లేదు, తప్పు నా వాక్యంలో ఉంది. లెన్సు ఎంత తెరిస్తే ముందునుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే లోతు అంత తగ్గిపోతుంది. ఫుల్ ఫ్రేమ్, అంటే బొమ్మను పట్టే సెన్సారు పెద్దగా ఉండే కెమెరా, కొంటే ఇదే మసక ఇంకా ఎక్కువవుతుంది. ఈ పాఠం కెమెరా ఎంపిక మీదే కాబట్టి ఇక్కణ్నుంచే మొదలుపెడదాం.

స్టాండు, మెమరీ కార్డు, స్పేర్ బ్యాటరీ గురించి ఏమీ చెప్పను. అవి లేకుండా బండి దగ్గరికి వెళ్లేవారికి ఈ పాఠాలతో పనిలేదు.

నిజం బండికి ఇరవై మీటర్ల దూరంలో నిలబడితే ముందున్న బఫరు నుంచి వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరు దాకా అంతా మన కంటికి స్పష్టంగానే ఉంటుంది. చిన్నప్పటినుంచీ రైలును అలాగే చూశాం. అందుకే వీడియోలో ముక్కు ఒక్కటే స్పష్టంగా ఉండి తోక కరిగిపోతే, "ఇది చేతిలో పట్టే వస్తువు" అని మెదడు వెంటనే పసిగడుతుంది. రంగు ఎంత బాగా వేసినా, తుప్పు మరకలు ఎంత ఓపిగ్గా దిద్దినా లాభం లేదు. పెళ్లి ఫోటోల్లో అందం అనిపించే మసకే మన బల్ల మీద గుట్టు బయటపెట్టేస్తుంది.

లెక్క చూడండి. మీ దగ్గర ఉన్నది హెచ్‌ఓ అనుకుందాం, అంటే నిజం బండిలో 87వ వంతు (1:87) ఉండే బొమ్మ రైలు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఫ్రేములో అడ్డంగా 40 సెంటీమీటర్ల బల్ల కనిపించేలా పెట్టారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 2.8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 2.3 సెంటీమీటర్లు. ఇంజను వెడల్పే మూడున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది! ఎఫ్ 8 పెడితే ఆరున్నర. అదే ఒక అంగుళం సెన్సారు కెమెరాలో ఎఫ్ 8 పెడితే పదిహేడు దాటుతుంది. పాతకాలపు చిన్న హ్యాండీక్యామ్ సెన్సారైతే ఎఫ్ 4 దగ్గరే అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. సెన్సారు ఎంత చిన్నదైతే మనకు అంత లోతు.

ఇక్కడ తెలివైనవారు ఒక మాట అడ్డం వేస్తారు, వేశారు కూడా: "ఫుల్ ఫ్రేమ్‌లోనూ ఎఫ్ 22 పెట్టుకోవచ్చు కదా సార్?" పెట్టుకోండి. లోతు వస్తుంది. కానీ ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 8కి వెళ్లడానికే ఎనిమిది రెట్ల వెలుతురు కావాలి, ఎఫ్ 22కి అరవై రెట్ల పైన. అంత దీపం మీ గదిలో లేదు, కాబట్టి కెమెరా లోపలే బొమ్మ వెలుగు పెంచే ఐఎస్‌ఓ పెంచుతారు, బొమ్మ ఇసుక చల్లినట్టవుతుంది. పెద్ద సెన్సారు అని లక్షన్నర పోసి కొన్న లాభం అక్కడితో చెల్లు. ఫలితం చిన్న సెన్సారు కెమెరా ఇచ్చేదే, బరువు మాత్రం మీ భుజానికి అదనం. ఇది నేను వాదన కోసం చెప్పడం లేదు. అప్పు చేసి కొన్నాను, రెండేళ్లు మోశాను, అమ్మేశాను. అమ్మిన డబ్బులో కొంత పెట్టి రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్లు కొన్నాను. నా బల్ల మీద తేడా తెచ్చింది అవే.

లోతు ఒక్కటే కాదు, ఎత్తు కూడా ఉంది. హెచ్‌ఓలో మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లు. మీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఆ బుల్లి పోర్టరు చూసే ఎత్తులోనే లెన్సు ఉండాలి. ఎనిమిది సెంటీమీటర్ల అడ్డం ఉన్న లెన్సును బల్లకు ఆనించి పెట్టినా దాని మధ్య భాగం నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే నిజం లెక్కలో మూడున్నర మీటర్లు. పోర్టరు భుజాల మీద ఇంకో పోర్టరు ఎక్కి చూస్తున్నట్టు. ఆ ఎత్తునుంచి ఏ ఇంజనూ గంభీరంగా కనిపించదు.

అందుకే బల్ల దగ్గర నా మొదటి ఎంపిక పాత ఫోను. హాస్యానికి అనడం లేదు. కొత్త ఖరీదైన ఫోన్ల ప్రధాన కెమెరాల్లో సెన్సార్లు పెరిగాయి, లెన్సులు ఎఫ్ 1.8కో అంతకన్నా కిందకో దిగాయి. వాటిని మార్చే వీలు చాలా ఫోన్లలో లేదు. అయిదారు సెంటీమీటర్ల లోతుతోనే సరిపెట్టుకోవాలి. ఏడెనిమిదేళ్ల కిందటి ఫోనులో సెన్సారు గోరంత, లెన్సు ఎఫ్ 2.2, లోతు దానికి రెట్టింపు. ఫోనును నిలువుగా తలకిందులు చేసి చూడండి. మూలనున్న లెన్సు కిందికి వచ్చి పట్టాలకు వేలెడు ఎత్తు లోపే ఉంటుంది. నిలువు వీడియో వద్దనుకుంటే అడ్డంగా తిప్పి, లెన్సున్న మూల కిందికి వచ్చేలా పట్టుకోండి. బొమ్మ తిరగబడితే ఎడిటింగులో తిప్పుకోవచ్చు. మా ఇంట్లో పగిలిన అద్దంతో మా ఆవిడ పక్కన పడేసిన ఫోను ఉంది. గూడ్సు యార్డు మొత్తం దాంతోనే తీశాను.

మరి మినుకు మినుకు సంగతి? పోయినసారి నలుగురి క్లిప్పుల్లో నల్లటి చారలు కిందికి పైకి పాకాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, ఇంట్లో చాలా దీపాలు సెకనుకు వంద సార్లు కొట్టుకుంటాయి. షటరు, అంటే ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయం, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేములో దీపం కొట్టుకోవడం నిండు లెక్కగా పడుతుంది, చారలు పోతాయి. కెమెరా కొనేటప్పుడు చూడాల్సిన అసలు సంగతి ఇదే: షటరును మీ చేత్తో మార్చుకోనిస్తుందా? అమెరికా నుంచి బావగారో అన్నయ్యో తెచ్చిన కెమెరా మెనూలో 25, 50 ఫ్రేములు లేకపోవచ్చు, 30, 60 మాత్రమే ఉండొచ్చు. కంగారు పడకండి, 1/100 షటరు పెట్టనిస్తే బతికిపోయారు. అదీ పెట్టనివ్వకపోతే ఆ కెమెరాను పుట్టినరోజులకు వాడుకోండి. కాంతి తగ్గించే రెగ్యులేటరు పెట్టిన ఎల్‌ఈడీ పట్టీలు మాత్రం కొన్నిసార్లు ఏ షటరుకూ లొంగవు. రెగ్యులేటరు తీసేయండి.

ఇప్పుడు గుమ్మం దాటుదాం. బయటి నిజం ఆవిరి బండికి కావాల్సిన గుణాలు వేరు. చాలామంది ఊటీకి టికెట్లు తీసుకుని కూర్చున్నారు కాబట్టి నీలగిరి బండినే ఉదాహరణగా తీసుకుంటాను.

మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, మీటరు గేజి, 2005లో యునెస్కో జాబితాకెక్కింది. కల్లారు దాటాక ఎత్తు మొదలవుతుంది, పట్టాల మధ్య, ఇంజను పళ్ల చక్రం పట్టుకుని ఎక్కే పళ్ల పట్టీ వస్తుంది, కూనూరు దాకా ఉంటుంది. సుమారు పన్నెండున్నర అడుగులు నడిస్తే ఒక అడుగు పైకెక్కే వాలు. మామూలుగా ఆవిరి ఇంజను కూనూరు వరకే, అక్కణ్నుంచి ఊటీకి డీజిల్. కూనూరు దాటాక వచ్చే కేత్తి దగ్గర పొద్దున్నే స్టాండు పాతుకుని ఆవిరి కోసం కాసేవాళ్లను చూశాను, జాలేసింది.

మొదటిసారి నేనూ ఏమంత తెలివిగా ప్రవర్తించలేదు. పళ్ల పట్టీ దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషనుకు కాస్త కింద మలుపులో కాచుకున్నాను. ఊపిరి బిగబట్టినట్టు శబ్దం వినిపిస్తోంది, పొగ చెట్ల మీద తేలుతోంది. బండి మలుపు తిరిగింది. ముందు వచ్చింది ఇంజను కాదు, నీలం పెట్టె, దాని ముందు చేతిలో జెండాతో బ్రేక్స్‌మన్. పైకెక్కేటప్పుడు ఇంజను వెనకనుంచి నెడుతుంది, పెట్టెలు జారిపోకుండా కింది వైపే ఉంటుంది. చదువుకున్న విషయమే, కళ్లముందుకొచ్చేసరికి మరిచాను. జూమ్ లాగి పెట్టి ఉంది, మొదటి పెట్టెతో పాటు కెమెరాను తిప్పేశాను. ఎక్స్ క్లాస్ అనే ఆ ఆవిరి ఇంజను నా ముందుకొచ్చే సమయానికి నా లెన్సు కొండరాళ్లను చూస్తోంది. గబగబా వెనక్కి తిప్పితే ఆటోఫోకస్ తెల్లటి ఆవిరిని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగింది. ఇంజను కెమెరాకు చిక్కింది పద్నాలుగు సెకన్లు, అందులో ఇంజనులా కనిపించింది మూడు.

దీన్నిబట్టి కొండబండి కెమెరాలో మీరు వెతకాల్సినవి చూసుకోండి. ఫోకస్‌ను ఒక మీటతో బిగించే వీలు. ఎక్స్‌పోజరును, అంటే బొమ్మ వెలుగును, బిగించే వీలు, ఎందుకంటే నల్లటి ఇంజను, తెల్లటి ఆవిరి, ముదురు అడవి మూడూ ఒకే ఫ్రేములో ఉంటాయి. ఆటోలో వదిలేస్తే ఆవిరి లేచిన ప్రతిసారీ అడవికి సాయంత్రమవుతుంది. నేనైతే ముందు ఆవిరిని కాపాడతాను, ఒక స్టాపు, అంటే వెలుతురు సగానికి, తగ్గించి తీస్తాను. నలుపును తర్వాత కొంచెం లేపుకోవచ్చు, మాడిపోయిన తెలుపు తిరిగి రాదు. జూమ్ వెడల్పు నుంచి దూరం దాకా ఒకే లెన్సులో ఉంటే మంచిది, పట్టాల పక్కన లెన్సులు మార్చే సమయం ఉండదు. డిజిటల్ జూమ్ అంకెను లెక్కలోకి తీసుకోకండి. షాపువాడు చెప్పినా సరే.

సెన్సారు ఫ్రేమును ఒక్కసారిగా కాక వరసగా గీత గీతగా పట్టడాన్ని రోలింగ్ షటరు అంటారు. దానివల్ల చక్రాలను కలిపే కడ్డీలు వంగినట్టు కనిపిస్తాయని భయపడేవాళ్లున్నారు. పళ్ల పట్టీ మీద ఆ బండి గంటకు పదమూడు కిలోమీటర్లకు అటూ ఇటూ నడుస్తుంది. వదిలేయండి.

డార్జిలింగ్ వేరే కథ. అక్కడ పట్టాల మధ్య 610 మిల్లీమీటర్లే ఉన్న బుల్లి బండి అంగళ్ల ముందునుంచే పోతుంది, మీ మోచేతికి తగిలేంత దగ్గరగా. పొడవాటి జూమ్ దండగ, వెడల్పు లెన్సు కావాలి.

శబ్దం విషయంలో మాత్రం నేను మొండివాణ్ని. మైకు పెట్టుకునే రంధ్రం లేని కెమెరాను ఆవిరి బండికి కొనకండి. కెమెరాలో ఉండే ఆటో లెవెల్ కూతకు అదిరి తనంతట తాను శబ్దం తగ్గించుకుంటుంది, మళ్లీ తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోగా ఇంజను ఊపిరి మాయం. నీలగిరి ఇంజనులో ఆ ఊపిరి వినడం మరీ ముఖ్యం. పళ్ల పట్టీ ఎక్కాక మొదటి జత సిలిండర్లలో పని చేసిన ఆవిరి రెండో జతలోకి వెళ్లి పళ్ల చక్రాలను తిప్పుతుంది, దాంతో శబ్దం తీరే మారిపోతుంది. ఆ మార్పు రికార్డు కాకపోతే మీరు కొండ ఎక్కినట్టు వినేవాడికి తెలియదు. లెవెల్‌ను చేత్తో పెట్టనివ్వాలి, మైకుకు బొచ్చు తొడుగు ఉండాలి.

పేరు చెప్పమని పట్టుబట్టేవారికి: బల్లకూ కొండకూ ఒకే కెమెరా కావాలంటే, సెకండ్ హ్యాండ్‌లో పానాసోనిక్ ఎఫ్‌జెడ్ 1000. ఒక అంగుళం సెన్సారు, 25 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా జూమ్, మైకు రంధ్రం ఉంది. 2014 నాటిది, చూడ్డానికి మోటుగా ఉంటుంది. నాకు ఇష్టం. సోనీ ఆర్‌ఎక్స్ 100 జేబులో పడుతుంది, సెన్సారూ అంతే, కానీ మైకు సంగతి మోడల్‌ను బట్టి, చూసి కొనాలి. సోనీ సీఎక్స్ 405 హ్యాండీక్యామ్ చవక, ముప్పై రెట్ల నిజం జూమ్, చిన్న సెన్సారు. మైకు రంధ్రం లేదు. శబ్దం విడిగా ఫోనులో రికార్డు చేసుకునే ఓపిక ఉంటే తీసుకోండి.

అభ్యాసం. రెండు ఉన్నాయి, రెండూ అయ్యేవరకూ ఎవరూ ఏ కెమెరా కొనకూడదు.

మొదటిది: ముప్పై సెంటీమీటర్ల స్కేలును లెన్సుకు ఎదురుగా, మీ నుంచి దూరంగా వెళ్లేలా పట్టాల మధ్య పడుకోబెట్టండి. పదిహేను అంకె మీద ఫోకస్ బిగించండి. ఏ అంకె నుంచి ఏ అంకె వరకు మిల్లీమీటరు గీతలు విడివిడిగా కనిపిస్తున్నాయో రాసుకోండి. మీ కెమెరా, ఇంట్లోని ప్రతి ఫోను, ప్రతి ఎఫ్ నంబరు. షాపుకు వెళ్లినా స్కేలు జేబులో ఉండాలి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

రెండోది: పప్పు కుక్కరు. పొయ్యి వెనక గోడకు నల్లటి గుడ్డ కట్టండి, కుక్కరు పక్కన మసిపట్టిన పెనం నిలబెట్టండి. పెనం మీద ఫోకస్, ఎక్స్‌పోజరు బిగించి, శబ్దం లెవెల్ చేత్తో పెట్టి, మొదటి విజిల్‌కు ముందు నుంచి మూడో విజిల్ తర్వాత అర నిమిషం దాకా తీయండి. ఆవిరిలో మడతలు కనిపించాలి. పెనం మీద గీతలు కనిపించాలి. విజిల్ చిట్లకూడదు. విజిల్ ఆగిన మరుక్షణం లోపల పప్పు కుతకుతలాడే చప్పుడు వినపడాలి. ఒక్కసారికి రాదు, నాకు ఆరు పూటలు పట్టింది. ముక్కలు కత్తిరించకుండా, ఆటోలో తీసిన క్లిప్పు ఒకటి, చేత్తో పెట్టి తీసింది ఒకటి, రెండూ పక్కపక్కన పంపండి.