అడ్మిషన్ రోజు: విశాఖలో జనరల్ మెడిసిన్ మొదటి ఏడాది పీజీ డాక్టరుకు పని పద్ధతి

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మెడిసిన్ యూనిట్లకు వారంలో అడ్మిషన్ రోజులు నిర్ణయమై ఉంటాయి. ఆ రోజు ఉదయం నుంచి మర్నాటి ఉదయం వరకు ఓపీ నుంచీ క్యాజువాలిటీ నుంచీ వచ్చే మెడిసిన్ కేసులన్నీ ఆ యూనిట్‌వే. విశాఖపట్నంలో ఈ భారం మరింత ఎక్కువ. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి నగరవాసులే కాక శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుంచీ, సరిహద్దు అవతల ఒడిశా నుంచీ రోగులు వస్తారు. పాడేరు వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన మనిషి మన ముందుకు చేరేసరికే జబ్బు ఒక దశ దాటి ఉంటుంది. అటువంటి రోజును నిలబెట్టే అలవాటు నాకు తెలిసి ఒక్కటే: ఏ రోగికి ఏ పని ఇంకా మిగిలి ఉందో, అది ఎన్ని గంటలకు జరగాలో కాగితం మీద ఉండాలి, మన జ్ఞాపకంలో కాదు.

ఉదయం రౌండ్స్‌కు కనీసం గంట ముందు వార్డుకు చేరుకోండి. పాత రోగులను ముందుగా చూసి, రాత్రి బీపీ, జ్వరం, మూత్రం కొలత చార్టులో చదివి, ల్యాబ్ రిపోర్టులు తెచ్చుకోండి. ఒక తెల్లకాగితాన్ని నిలువునా గళ్లుగా మడిచి, మంచం నెంబరు, పేరు, జబ్బు, మిగిలిన పని, సమయం అని రాసుకోండి. ఫోన్‌లో రాసుకునే పద్ధతి కూడా ఉంది కానీ, నాకు కాగితమే మేలనిపిస్తుంది, ఎందుకంటే అది జేబులోంచి తీసి సిస్టర్‌కూ హౌస్ సర్జన్‌కూ ఒకేసారి చూపించవచ్చు.

కొత్త రోగి వచ్చినప్పుడు అతని మాటను అతని అర్థంలోనే వినాలి. "గ్యాస్ పట్టేసింది బాబూ" అని గుండె మీద చెయ్యి వేసుకున్న యాభై ఏళ్ల మనిషికి ఎసిడిటీ మందు పాంటాప్రజోల్ ఎక్కించడానికి ముందే ఈసీజీ తియ్యాలి. వచ్చిన పది నిమిషాల్లో తియ్యాలన్నది నియమం. ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల నుంచి వచ్చినవారికి కాళ్ల వాపు లేకపోయినా, బీపీ మామూలుగా ఉన్నా కిడ్నీలు దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ చూడకుండా నొప్పుల ఇంజెక్షన్ గానీ, రంగుమందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ స్కాన్ గానీ రాయకండి. ఊళ్లో ఏ బిళ్లలు వాడారని అడిగితే "ఏమీ లేదు" అంటారు, "ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర ఏం వేసుకున్నారు?" అని అడిగితే అసలు జవాబు వస్తుంది.

ఏజెన్సీ నుంచి జ్వరంతో వచ్చిన ప్రతివారికీ మలేరియా పరీక్ష జరగాలి. అపస్మారకం, కామెర్లు, ఆయాసం వంటివి ఉండి ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం మలేరియా తేలితే, దాని మందు ఆర్టిసునేట్ కిలోకు 2.4 మిల్లీగ్రాముల చొప్పున సిరలోకి మొదటి మోతాదు, 12 గంటలకు, 24 గంటలకు మళ్లీ. మోతాదు అందరికీ కంఠస్థమే; దారి తప్పేది ఆ పన్నెండో గంట, ఎందుకంటే అప్పటికి డ్యూటీ మారి ఉంటుంది. వానలు వెనకపట్టాక వచ్చే జ్వరాల్లో చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్‌ను తలచుకుని చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు ఉండేచోట కాలినట్లుండే నల్లటి పెచ్చు కోసం వెతకాలి. స్త్రీలను చూసేటప్పుడు తెర లాగి సిస్టర్‌ను పక్కన ఉంచుకోండి. పెచ్చు కనబడితే రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

పాము కాటు కేసు దగ్గర ఈ కాగితం పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. కొత్తదీ, శుభ్రమైనదీ, పొడిదీ అయిన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగిన గొట్టమైనా ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. రక్తం గడ్డకట్టకపోతే పది వయల్స్ (చిన్న సీసాలు) యాంటీ స్నేక్ వీనం, అంటే పాము విషానికి విరుగుడు, ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు మందు పడకపోతే ఇవ్వడానికి అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు సిరంజిలో సిద్ధంగా ఉండాలి. ఆరు గంటల తర్వాత అదే పరీక్ష మళ్లీ చెయ్యాలి. రాత్రి పది గంటలకు విరుగుడు ఇచ్చినవారు "తెల్లవారుజామున నాలుగింటికి పరీక్ష, ఫలానా పీజీ చూడాలి" అని కేస్ షీట్ మీదా తమ కాగితం మీదా రాసేంతవరకు ఆ పని పూర్తికానట్లే. నేల మీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలుతున్న మనిషికి కాటు గుర్తు కనబడకపోయినా కట్లపామును అనుమానించాలి. ఆ పాము విషానికి రక్తం మామూలుగానే గడ్డకడుతుంది కనుక గాజు గొట్టాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు.

నా మొదటి ఏడాదిలో ఒక ఆసుపత్రిలో చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. సుగర్ 38కి పడిపోయి స్పృహలేని స్థితిలో ఒక ముసలమ్మ వచ్చింది. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఇవ్వగానే కళ్లు తెరిచి మనవడిని పేరుపెట్టి పిలిచింది. నేను సంతోషంతో తరువాతి కేసుకు వెళ్లిపోయాను. ఆమె వేసుకుంటున్నది సుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ అనీ, ఆ మాత్ర ప్రభావం, అందులోనూ కిడ్నీలు మందగించినవారిలో, చాలా గంటలు ఉంటుందనీ తెలిసి కూడా గంటగంటకూ సుగర్ చూడమని రాయలేదు, డెక్స్‌ట్రోజ్ డ్రిప్ పెట్టలేదు. మూడు గంటల తరువాత మందుల వేళకు వచ్చిన సిస్టర్ ఆమె మళ్లీ పలకడం లేదని గమనించింది. ఆమె బతికింది, బతికించింది ఆ సిస్టర్ చూపు. అప్పటి నుంచి "ఇప్పుడు బాగున్నారు" అనే మాట నేను కేస్ షీట్‌లో రాయను, ఎన్ని గంటలకు ఏ సుగర్, మళ్లీ ఎన్నింటికి చూడాలి అనే రాస్తాను.

డ్యూటీ అప్పగింత మంచాల దగ్గర నిలబడి చెయ్యండి, డ్యూటీ రూమ్‌లో కాదు. అందరి కథా చెప్పనక్కరలేదు. ఎవరు దిగజారవచ్చో, ఏ రిపోర్టు రావలసి ఉందో, వస్తే ఏం చెయ్యాలో చెబితే చాలు. రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు కుటుంబంలో నిర్ణయం చెప్పగలిగిన మనిషెవరో కనుక్కుని, పక్కకు పిలిచి కూర్చోబెట్టండి. "సీరియస్" అన్న ఒక్క మాటతో వదిలెయ్యకుండా ఏ అవయవం పని చెయ్యడం లేదో, ఈ రాత్రి ఏం చెయ్యబోతున్నామో తెలుగులో చెప్పి, ఎవరికి, ఎన్నింటికి చెప్పారో రాయండి. కువి, ఆదివాసీ ఒడియా వంటి కొండ ప్రాంతాల భాషలు మాత్రమే వచ్చిన రోగులకు వెంట వచ్చిన చదువుకున్న పిల్లలో, ఆశా కార్యకర్తో మాట అందిస్తారు. ఖరీదైన చికిత్స అవసరమయ్యేలా ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ ఆరోగ్యమిత్ర దగ్గరకు బంధువులను పగలే పంపండి.

భోజనం మానకండి. విశాఖ ఉక్కపోతలో రాత్రంతా తిరిగితే నీళ్ల సీసా లేనిదే తెల్లవారుజామున తల పని చెయ్యదు. తోటి పీజీలతో వంతు వేసుకుని రెండు గంటలైనా పడుకోండి, మర్నాడు బీచ్ రోడ్డు మీదుగా ఇంటికి వెళ్లాల్సి ఉంటే స్కూటర్ అక్కడే వదిలి ఆటో ఎక్కండి.

డిశ్చార్జ్‌ను మాత్రం తొందరపడి ముగించవద్దు. ఇన్సులిన్ మీద ఇంటికి వెళ్లే రోగికి మోతాదు చెప్పి పంపితే సరిపోదు. మనకు ప్రభుత్వ సరఫరాలో దొరికే సీసా సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజీయే వాడాలి, బయట కొట్లో నారింజ మూత ఉన్న 100 సిరంజీ ఇస్తే కొలత మారిపోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన కుండలో చిన్న డబ్బాలో పెట్టుకోమనండి. పొద్దుట, రాత్రి గుర్తుకు సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, చీటీ తెలుగులో రాసి, ఊరి బస్సు వేళ కనుక్కుని, వాళ్లు బయలుదేరేలోగా రోగి చేతనే ఒకసారి సిరంజీలోకి మందు ఎక్కించి చూపించమనండి.