ఒబామాకేర్ వాదనలు తికమక పడకుండా ఫాలో అవ్వడం ఎలా

ముందు ఒక పని చేయండి, ఎవరైనా అమెరికా ఒబామాకేర్ (ఒబామా హయాంలో 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం) గురించి వాదిస్తుంటే అది చట్టం గొడవా డబ్బు గొడవా అని విడదీయండి, సగం తికమక అక్కడే పోతుంది.

డబ్బు సంగతి. పాత జబ్బు ఉందని ఇన్సూరెన్స్ ఇవ్వనంటే కుదరదు అని 2010 చట్టం పెట్టింది కదా, మరి అలాంటప్పుడు జబ్బు చేశాకే తీసుకుందాంలే అని ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆగిపోతారు, మిగిలేది ఖర్చెక్కువ అయ్యేవాళ్లే, ప్రీమియం పెరుగుతుంది, దాంతో ఇంకొందరు జారుకుంటారు. అందుకే ఆ చట్టంలో పాలసీ లేకపోతే పెనాల్టీ, ఆదాయం తక్కువైతే సబ్సిడీ అని పెట్టారు. ఎవరైనా ఒకటి తీసేద్దాం అంటే మిగతావి ఏమవుతాయో అడగండి.

కోర్టు తీర్పుల్లో హెడ్‌లైన్ కాదు, కారణం చదవండి. 2012లో సుప్రీంకోర్టు 5-4తో పెనాల్టీని నిలబెట్టింది, కానీ పన్ను వేసే అధికారం కింద మాత్రమే. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) విస్తరణని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది కూడా ఆ తీర్పే, నన్నడిగితే మామూలు జనానికి పెద్ద దెబ్బ ఇదే. పెనాల్టీ 2019 నుంచి సున్నా అయింది. దాంతో ఇక ఇది పన్నే కాదు, చట్టం చెల్లదు అంటూ వేసిన కేసుని 2021లో సుప్రీంకోర్టు 7-2తో కొట్టేసింది, వేసినవాళ్లకి కేసు వేసే అర్హతే లేదని, అంతేగానీ చట్టం రాజ్యాంగబద్ధమని తేల్చినట్టు కాదు, ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లు బోలెడంతమంది.