బటర్‌బర్ మాత్ర మింగే ముందు: పార్శ్వపు నొప్పి ఉన్నవారికి కొన్ని జాగ్రత్తలు

కార్తీకం రాగానే విశాఖకు రెండు రకాల రాకపోకలు మొదలవుతాయి. వంజంగి మేఘాలు, అరకు వలిసె పూలు చూడాలని రైలు దిగేవారు కొందరు. సంక్రాంతి దాకా ఉండిపోదామని అమెరికా నుంచి పెద్ద పెద్ద సూట్‌కేసులతో వచ్చే మనవాళ్లు మరికొందరు. ఆ సూట్‌కేసుల్లో చాక్లెట్లు, బాదంపప్పుల కింద తప్పకుండా నాలుగైదు మాత్రల సీసాలు ఉంటాయి. పోయినేడు మా అక్క కొడుకు అలాంటిదొకటి నా చేతిలో పెట్టాడు. ‘పిన్నీ, నీ తలనొప్పికి ఇది వాడి చూడు. మందు కాదు, వేరుతో చేసినది. ఏ ఇబ్బందీ ఉండదు’ అన్నాడు. సీసా మీద బటర్‌బర్ అని ఉంది.

పార్శ్వపు నొప్పితో, అంటే మైగ్రేన్‌తో, ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి ఆశ పుట్టని మాట అబద్ధం. అయినా సీల్ తీయలేదు. ఎందుకు తీయలేదో చెబుతాను. ఈ సెలవుల్లో మీ ఇంటికీ అలాంటి సీసా రావచ్చు.

ఈ మొక్క మన తెలుగు నేల మీద పెరగదు, అందుకే దీనికి తెలుగులో వాడుక పేరు లేదు. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. ప్రజాతి పేరు పెటసైటిస్. గ్రీకు భాషలో పెటసోస్ అంటే వెడల్పు అంచున్న టోపీ. ఆకు చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. మనం విస్తరాకులో జున్ను కట్టినట్టు, ఇంగ్లండ్‌లో ఆ ఆకుల్లో వెన్న చుట్టి ఉంచేవారు. బటర్ అన్న మాట అలా వచ్చింది. ఏటి గట్లు, చిత్తడి నేలలు దీని చోటు. చలి తగ్గీ తగ్గకముందే పూలకాడ పైకి వస్తుంది, ఆకులు తరువాత విప్పుకుంటాయి. మగ పూలు ఒక మొక్కకు, ఆడ పూలు మరో మొక్కకు పూస్తాయి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ తేడా చూసి ఒకే మొక్కకు రెండు జాతుల పేర్లు ఇచ్చి, రెండింటినీ టుస్సిలాగో అనే ప్రజాతిలో పెట్టాడు. మరుసటి ఏడు ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిప్ మిల్లర్ పెటసైటిస్‌ను వేరు చేశాడు.

ఈ పేర్ల గొడవ మనకెందుకని అనుకోకండి. మాత్రల్లో వాడేది ఐరోపాలో పెరిగే పెటసైటిస్ హైబ్రిడస్. జపాన్‌లో పెరిగేది పెటసైటిస్ జపోనికస్. అక్కడ దాన్ని ఫుకి అంటారు, కాడలను కూరగా వండుతారు, వసంతం మొదట్లో వచ్చే మొగ్గలతో పకోడీల వంటివి వేస్తారు. అకిటా, హొక్కైడో ప్రాంతాల్లో దాని కాడ మనిషి ఎత్తు దాటుతుంది. ఉత్తర అమెరికాలో మరో జాతి ఉంది. అక్కడి ఆదివాసులు దాని ఆకులు కాల్చి, ఆ బూడిదను ఉప్పుకు బదులు వాడుకునేవారు. హిమాలయాల్లోనూ ఒక జాతి పెరుగుతుంది. ఇన్ని దేశాల్లో ఇన్ని విధాలుగా వాడుతున్నప్పుడు ప్రమాదం ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ జపాన్ వంటింట్లో ఫుకి కాడలను అలాగే పచ్చిగా తినరు. బూడిద నీళ్లలోనో సోడా నీళ్లలోనో ఉడికించి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, చేదు తగ్గాకే వండుతారు.

పారబోసే ఆ నీళ్లతో చాలావరకు పోయేవే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు. మొక్క తనను పురుగులు తినకుండా తయారు చేసుకునే విషాలు ఇవి. విచిత్రమేమిటంటే వీటిని నిజమైన విషంగా మార్చేది మన కాలేయమే. శరీరం నుంచి పంపేయడానికి వాటిని విడగొట్టే పనిలో అది ఇంకా చురుకైన పదార్థాలను పుట్టిస్తుంది. అవి కాలేయంలోని సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి, నాళాలు మూసుకుపోతాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఈ ఆల్కలాయిడ్లు వేరులో ఎక్కువ. మాత్రలు చేసేదీ ఎక్కువగా వేరుతోనే.

మందుగా దీనికి పనితనం లేదని అనను. 2004లో అచ్చయిన ఒక పరీక్షలో, విషం తీసేసిన వేరు సారాన్ని 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు నాలుగు నెలలు వాడినవారికి పార్శ్వపు నొప్పి దాడులు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికి 26 శాతం తగ్గాయి. 2012లో అమెరికా నరాల వైద్యుల అకాడమీ దీన్ని గట్టిగానే సిఫారసు చేసింది. కాలేయం దెబ్బతిన్న కేసుల వల్ల ఆ సిఫారసును 2015లో పక్కన పెట్టింది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లోనే వీటిని వాడవద్దని ప్రజలకు చెప్పింది. అమెరికాలో మాత్రం ఇది మందు కిందకు రాదు, ఆహార అనుబంధం కింద అమ్ముతారు. 1994 నాటి అక్కడి చట్టం ప్రకారం ఇటువంటి సరుకు అమ్మకానికి పెట్టే ముందు ప్రభుత్వ అనుమతి పొందనక్కర్లేదు. సీసా మీద ‘ఆల్కలాయిడ్లు లేవు’ అని ఉన్నంత మాత్రాన ధీమా పడకండి, ఆ మాట రాసుకున్నది తయారుచేసినవారే. పైగా విషం తీసేశామన్న సారం వాడినవారిలోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

కాబట్టి నా సలహా ఒకటే, మొదలుపెట్టవద్దు. ముఖ్యంగా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, ఇంతకు ముందు కామెర్లు వచ్చినవారు, మద్యం అలవాటు ఉన్నవారు దాని జోలికే పోకూడదు. క్షయ చికిత్సలో రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ లేదా కార్బమజెపిన్ వాడేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఆ మందులు కాలేయంలో ఈ విషాలు పుట్టే పనిని వేగం చేస్తాయి. చామంతి దండ మెడలో పడితే తుమ్ములు వచ్చేవారికి, వయ్యారిభామ కలుపు తగిలితే దద్దుర్లు లేచేవారికి మరో చిక్కు: కుటుంబం ఒకటే కాబట్టి దీనితోనూ అలర్జీ రావచ్చు. పూర్ణా మార్కెట్‌లో పూలబుట్టల మధ్య నడిస్తే ముక్కు కారుతుందా? అరకులో వలిసె చేలలో ఫొటో దిగాక కళ్లు మండాయా? అయితే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి. వలిసె కూడా ఆ కుటుంబపు మొక్కే.

ఇప్పటికే వేసుకుంటున్నవారు ఈరోజే ఆపండి. సీసా పారేయకుండా డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లి, కాలేయ పరీక్ష చేయించుకోండి. ఆకలి చచ్చిపోవడం, కుడివైపు డొక్క కింద నొప్పి, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగులోకి మారడం, కళ్లు పచ్చబడటం, ఉన్నట్టుండి పొట్ట ఉబ్బడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇక్కడ మనవాళ్ల అలవాటొకటి నన్ను భయపెడుతుంది. కళ్లు పచ్చబడ్డాయనగానే ఎవరో ఒకరు పసరు మందు పోయిస్తారు. మొక్క వల్ల దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో మొక్క పసరా?

మన చుట్టూ ఉన్న మొక్కల్లోనూ ఈ జాతి విషాలు ఉన్నాయి. పొలాల్లో పచ్చిరొట్టగా చల్లే జనుము, బంజరుల్లో పెరిగే దాని చుట్టం గిలిగిచ్చ, రోడ్డు పక్కన తేలు తోకలా పూలు వంచే తేలుమణి అటువంటివి. 1970లలో మధ్య భారతంలోని సర్గుజా ప్రాంతంలో గిరిజనులు తినే సామల్లో గిలిగిచ్చ కుటుంబపు గింజలు కలిశాయి, కాలేయాలు చెడి పలువురు చనిపోయారు. పాడేరు వైపు సంతల్లో సామలు కొనేవారు చేటలో పోసి వేరే రంగు గింజలు ఏరి పారేయండి. రెండు నిమిషాల పని.

ఇక పార్శ్వపు నొప్పి సంగతి. నా విషయంలో దాన్ని రేపేవి మూడు: బీచ్ రోడ్డు మీద పదకొండు గంటల ఎండ, నిద్ర తప్పడం, ఖాళీ కడుపు. నెలకు నాలుగైదుసార్లు వస్తుంటే ముందుగానే ఆపే మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి, పాతవి, చవకైనవి, పరీక్షకు నిలిచినవి. వాటి గురించి అడగండి. కార్తీక సోమవారాల ఉపవాసానికి నేను అరటిపండు, పాలు చేర్చుకున్నాను. శివుడు ఏమీ అనుకోలేదు; మా అత్తగారే కొద్దిగా అనుకున్నారు.